వెదురు కొమ్ములు: చేదు తీయడం ఎలా, వండటం ఎలా? మన్యం వైపు వాళ్ళు చెప్పండి

శైలజ_విజయనగరం | ఆగస్టు 4, సాయంత్రం 6:10

పార్వతీపురం నుంచి వస్తూ దారిలో వెదురు కొమ్ములు, అంటే వెదురు లేత మొలకలు, కొన్నాను. రోడ్డు పక్కన ఒకావిడ రెండు కుప్పలు పెట్టుకుని కూర్చుంది. కుప్ప యాభై అంది, రెండూ తీసేసుకున్నా. ఇంటికొచ్చాక మా అత్తగారు వాటిని వంటింట్లోకి రానివ్వడం లేదు. "అది విషం, పుట్టి బుద్ధెరిగి మన ఇళ్ళలో ఎవరూ వండలేదు" అంటున్నారు. మా ఆయనేమో ఎక్కడో వీడియో చూసి "పచ్చిగానే సలాడ్‌లో వేసుకోవచ్చట" అంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

ఒక్కోటి మోచేయి అంత పొడవుంది. పైన గోధుమరంగు పొరలు, చేతికి దురద పుట్టించే నూగు. ఎలా ఒలవాలి, ఎంతసేపు ఉడకబెట్టాలి, దేనితో వండితే బాగుంటుంది? ఆరేళ్ళ పాప ఉంది, దానికి పెట్టొచ్చా?

గుమ్మలక్ష్మీపురం_కుర్రాడు | ఆగస్టు 4, సాయంత్రం 6:32

పచ్చిగా మాత్రం వద్దండి! ముందు మీ ఆయన చేతిలో ఫోన్ లాక్కోండి.

ఒలవడం సులువే. చేతికి నూనె రాసుకోండి, లేకపోతే ఆ నూగు రాత్రంతా దురద పెడుతుంది. కొమ్మును కింద నుంచి కొన దాకా చాకుతో నిలువుగా ఒక గాటు పెట్టి, రెండు బొటనవేళ్ళతో విప్పితే పొరలన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. లోపల తెల్లగా, దంతం రంగులో మొవ్వు ఉంటుంది. చాకు ఎక్కడిదాకా ఇట్టే దిగుతుందో అక్కడిదాకానే కూర. గట్టిగా తగిలిన చోటు నుంచి కిందిది పారేయండి, ఎంత ఉడికించినా పీచు పీచే. తెచ్చిన దానిలో సగానికి పైగా పొరలకే పోతుంది, చూసి భయపడకండి.

ఇంకో మాట. ఈ రోజే ఉడకబెట్టేయండి. కోసిన దగ్గర్నుంచి గంట గంటకీ చేదు పెరుగుతుంది, ముదురుతుంది కూడా. రేపటికి ఉంచారంటే మీ అత్తగారి మాటే గెలుస్తుంది.

జొన్నచేను | ఆగస్టు 4, రాత్రి 8:05

వ్యవసాయం చదివిన వాణ్ని, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

అత్తగారి మాటలో నిజం ఉంది, వండకూడదన్న నిర్ణయంలో లేదు. పచ్చి కొమ్ములో టాక్సిఫిల్లిన్ అనే పదార్థం ఉంటుంది. చేదు చాలావరకు దానిదే. కొమ్మును తరిగినప్పుడో నమిలినప్పుడో కణాలు చితికి, అందులోనే ఉన్న ఎంజైము దాన్ని విడగొడుతుంది, అప్పుడు హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. మన ఊళ్ళలో లేత జొన్న మేసిన పశువు వణికిపోయి పడిపోవడం చూసే ఉంటారు కదా, అది చేసేది లేత జొన్నలో ఉండే ధురిన్ అనే పదార్థం. టాక్సిఫిల్లిన్ దానికి దాదాపు కవల. అణువు అదే, ఒకచోట అమరిక మాత్రం తిరగబడి ఉంటుంది.

మనకి కలిసొచ్చే సంగతి ఏమిటంటే, ఇది మరిగే నీళ్ళలో నిలవదు, తొందరగా విరిగిపోతుంది. కర్ర పెండలంలో ఉండే ఇలాంటి పదార్థం లినమారిన్ ఇంత సులువుగా లొంగదు. విడుదలైన హైడ్రోజన్ సయనైడ్ కూడా 26 డిగ్రీల దగ్గరే ఆవిరైపోయే రకం. అందుకే మూడు పనులు: సన్నగా తరగాలి, ఎక్కువ నీళ్ళు పోయాలి, మూత పెట్టకుండా మరిగించాలి. కిటికీ తెరిచి ఉంచండి. ఆ నీళ్ళు పారబోయాలి. చారుకో పులుసుకో వాడకూడదు, కుడితిలో పోసి గేదెకీ పెట్టకూడదు.

కొన భాగంలో ఈ పదార్థం ఎక్కువ, మొదలు దగ్గర తక్కువ. లేతగా ఉంది కదా అని కొనను పచ్చిగా కొరికి రుచి చూసే అలవాటు కొందరికి ఉంటుంది. అది మానుకోవాలి.

సన్నని ముక్కలైతే పది నిమిషాల మరుగుకే చాలావరకు పోతుందని ఆహార భద్రత సంస్థలు చెబుతాయి. మన దగ్గర కొమ్ములు లావు, ముక్కలు మందం. కాబట్టి అరగంట మరిగించి, నీళ్ళు వంచేసి, కొత్త నీళ్ళతో ఇంకోసారి పొంగు రానివ్వండి. అప్పుడు ఒక ముక్క నోట్లో వేసుకుని చూడండి. చేదు తగిలితే మూడోసారి.

బొబ్బిలి_రాంబాబు | ఆగస్టు 4, రాత్రి 8:20

కుక్కర్‌లో నాలుగు కూతలు వేయిస్తే పోదా మాస్టారూ? అరగంట గ్యాస్ అంటే ఈ రోజుల్లో మాటలా.

జొన్నచేను | ఆగస్టు 4, రాత్రి 8:41

మూత బిగిస్తే ఆవిరి అయిన దాంట్లో కొంత చల్లారాక మళ్ళీ ఆ నీళ్ళలోనే కలుస్తుంది. మొదటి మరుగు తెరిచిన గిన్నెలోనే కానివ్వండి. నీళ్ళు పారబోశాక మెత్తబడటానికి కుక్కర్ వాడుకుంటే తప్పులేదు.

పద్మావతి_సాలూరు | ఆగస్టు 4, రాత్రి 9:15

శైలజా, నేను సాలూరు కోడల్ని. మా ఇంట్లో ఏటా శ్రావణంలో ఈ కూర ఉండాల్సిందే. నేను మొదటి మరుగులో రెండు పచ్చి చింతకాయలు చితక్కొట్టి వేస్తాను, లేకపోతే పసుపు, ఉప్పు. రెండోసారికి బియ్యం కడిగిన నీళ్ళు పోస్తాను. చేదు ఎందుకు పోతుందో మాస్టారు చెప్పారు. బియ్యం నీళ్ళు ఆ ఘాటు వాసనకి మాత్రం బాగా పనిచేస్తాయి.

ఎండు రొయ్యలతో చెయ్యి, నా మాట విని. గుప్పెడు ఎండు రొయ్యలు తల, తోక తుంచి ఉత్త మూకుట్లో వేయించుకుని, వేడినీళ్ళతో రెండుసార్లు కడుగు, ఇసుక ఉంటుంది. నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, దండిగా వెల్లుల్లి చితక్కొట్టి వేసి, ఉల్లిపాయ ఎర్రగా వేయించు. అందులో రొయ్యలు, తర్వాత ఉడికిన కొమ్ము ముక్కలు. ఉప్పు, కారం, పసుపు. కాస్త చింతపండు రసం, సుపారీ అంత బెల్లం. మా వైపు పులుసులో బెల్లం పడకపోతే కూరే కాదు. నీళ్ళు ఇగిరి నూనె పైకి తేలాక దింపెయ్యి. వేడన్నం కన్నా మర్నాడు పొద్దున్న చద్దన్నంలో ఇంకా బాగుంటుంది.

మీ అత్తగారు శాకాహారమైతే ఆవ పెట్టు. పనసపొట్టుకి పెట్టినట్టే. ఆవాలు, ఎండుమిర్చి, చిటికెడు పసుపు తడి తగిలించి మెత్తగా నూరి, కూర దింపి చల్లారాక కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఆవ చేదెక్కుతుంది. అప్పుడు ఆ చేదు కొమ్ముదో ఆవదో తెలీక మళ్ళీ గొడవ.

పాపకి బాగా ఉడికింది, చేదు లేనిది, రెండు ముక్కలు పప్పులో వేసి పెట్టు. ఒకేసారి కంచం నిండా వద్దు.

కొత్తూరు_శ్రీను | ఆగస్టు 4, రాత్రి 9:22

సాలూరు అక్కా, రాత్రి తొమ్మిదిన్నరకి ఎండు రొయ్యల గురించి రాయకూడదు. హాస్టల్‌లో ఉన్నాం.

సీతంపేట_మాస్టారు | ఆగస్టు 5, ఉదయం 7:30

నేను సవర గిరిజనుణ్ని, ఏజెన్సీ బడిలో పాఠం చెబుతాను. మొదట ఒక మాట చెప్పి తర్వాత వంట సంగతికి వస్తాను. ఈ మధ్య కెమెరాలు పట్టుకుని మా గూడేలకి వచ్చి "వింత ఆహారం", "అడవి మనుషుల వంట" అని పేర్లు పెట్టి వెళ్తున్నారు. వెదురు కొమ్ములో వింత ఏమీ లేదు. మీకు ఆషాఢంలో గోంగూర ఎలాగో మాకు ఇది అలాగ.

ఆ కాలంలోనే ఎందుకు తింటామో కూడా తెలుసుకోండి. జూలై, ఆగస్టులంటే కొండ మీద కష్టకాలం. పోయిన ఏడాది చోళ్ళు (రాగులు), సామలు అయిపోవస్తాయి. పోడులో కొత్త పంట ఇంకా చేతికి రాదు. వానకి గెడ్డలు (వాగులు) పొంగి సంతకి దిగడం కూడా కుదరదు. సరిగ్గా అప్పుడే వెదురు మొలకెత్తుతుంది. మామిడి టెంకలో జీడిని నానబెట్టి, వగరు తీసి అంబలి కాచుకోవడం, అడవి దుంపలు తవ్వుకోవడం, అడ్డ పిక్కలు కాల్చుకోవడం, ఇవన్నీ ఆ లోటు పూడ్చుకోవడానికి పెద్దవాళ్ళు నేర్పినవే. ఇప్పుడు రేషన్ బియ్యం ఉన్నాయి కాబట్టి ఆకలికి తినే రోజులు తగ్గాయి. రుచి కోసం తింటున్నాం.

మా అమ్మ వండే పద్ధతి: సన్నగా, వేలి మందం కన్నా తక్కువగా తరిగి, కుండలో నీళ్ళు పోసి మూత లేకుండా ఉడికించి వంచేస్తుంది. తర్వాత ఒక రాత్రి చల్లని నీళ్ళలో ఉంచుతుంది. మర్నాడు ఉప్పు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, ఉంటే కొంచెం కందిపప్పు. నూనె పేరుకే. చోడి అంబలితో తింటాం. మసాలాలు, బెల్లాలు వేస్తే కొమ్ము రుచి దొరకదు. పద్మావతిగారు కోపం తెచ్చుకోకూడదు.

పద్మావతి_సాలూరు | ఆగస్టు 5, ఉదయం 8:02

కోపం ఏటి మాస్టారూ, ఈసారి మీ అమ్మగారి పద్ధతిలోనే చేస్తా. బెల్లం మాత్రం పక్కన గిన్నెలో పెట్టుకుంటా.

బెంగళూరు_బాబు | ఆగస్టు 5, ఉదయం 10:40

మా సొంతూరు పాలకొండ, ఉద్యోగం ఇక్కడ. కర్ణాటకలో దీన్ని కళలె అంటారు, మలెనాడు, కొడగు వైపు వానాకాలంలో ఇంటింటా వండుతారు. కొడగు వాళ్ళ బైంబళె కూర ఆఫీసు స్నేహితుడి ఇంట్లో తిన్నాను, కొబ్బరి వేసి చేశారు. వాళ్ళు ముక్కల్ని రెండు మూడు రోజులు నీళ్ళలో ఉంచి, రోజూ నీళ్ళు మారుస్తారు. కొంచెం పులిసిన వాసన వస్తుంది, అదే వాళ్ళకి ఇష్టం.

సూపర్ మార్కెట్ డబ్బాల్లో వచ్చేవి ఎలా ఉంటాయి? ముక్కల మీద తెల్లగా పొడిలా కనిపించింది, బూజు అనుకుని పారేశాను.

జొన్నచేను | ఆగస్టు 5, ఉదయం 11:15

అది చాలాసార్లు టైరోసిన్ గడ్డకట్టడం వల్ల వస్తుంది. వెదురు కొమ్ములో ఆ అమైనో ఆమ్లం ఎక్కువ, ఉడికి చల్లారితే తెల్లని పొడిలా బయటపడుతుంది, హాని లేదు. అయితే డబ్బా ఉబ్బినా, దుర్వాసన వచ్చినా ఆలోచించకుండా పారేయండి.

పాతపట్నం_లక్ష్మి | ఆగస్టు 5, మధ్యాహ్నం 2:05

మేం ఒడిశా సరిహద్దు వాళ్ళం. మా చుట్టాలు అటు పక్క చాలామంది ఉన్నారు. అక్కడ దీన్ని కరడి అంటారు. ఎండబెట్టి దాచుకునేది హెండువా. పచ్చి కొమ్మును కోరి, కుండలో దాని రసంలోనే పులియబెట్టి ఎండలో ఆరబెడతారు. పులిసేటప్పుడు కూడా ఆ విషం చాలావరకు తగ్గుతుందట. ఏడాది పొడుగునా చేపల పులుసులో చిటికెడు వేస్తారు. ఆ వాసన అలవాటు లేనివాళ్ళు ఇల్లు వదిలి పారిపోతారు, అలవాటైన వాళ్ళు గిన్నె వదలరు.

ఆరోగ్యమే_మహాభాగ్యం | ఆగస్టు 5, సాయంత్రం 5:50

మిత్రులారా, వెదురు కొమ్ము షుగర్‌ని మూలం నుంచి నయం చేస్తుంది. నలభై రోజులు పరగడుపున దాని రసం తాగితే మందులు మానేయవచ్చు. అందరికీ షేర్ చేయండి.

నర్సమ్మ_శ్రీకాకుళం | ఆగస్టు 5, సాయంత్రం 6:04

ఏ రసం బాబూ? పచ్చి కొమ్ము రసమా? పైన అంత వివరంగా సయనైడ్ గురించి రాశారు, ఒకసారి పైకి వెళ్ళి చదవండి. పరగడుపున పచ్చి రసం తాగించి ఎవర్నైనా ఆసుపత్రికి పంపకండి.

ఇది కూరగాయ. తాజా కొమ్ములో పదింట తొమ్మిది వంతులు నీళ్ళే. కొవ్వు నామమాత్రం, పీచు బాగానే ఉంటుంది, వంద గ్రాములకి రెండు మూడు గ్రాముల ప్రొటీన్. షుగర్ ఉన్నవాళ్ళు అన్నం తగ్గించి ఈ కూర ఎక్కువ తింటే మంచిదే, బీరకాయ తిన్నా అంతే మంచిది. మందులు మానమని చెప్పడం మాత్రం ప్రమాదం.

ఇంకో రెండు జాగ్రత్తలు. కొమ్ముల్లో పొటాషియం ఎక్కువ. ఉడికించి నీళ్ళు పారబోస్తే కొంత తగ్గుతుంది కానీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, ఉద్దానం వైపు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నా, డాక్టర్‌ని అడిగే తినండి. థైరాయిడ్ ఉన్నవాళ్ళు రోజూ తినకండి, ఎప్పుడో ఒకసారైతే పర్వాలేదు.

సరిగా ఉడకనిది తిన్నాక తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతులు, ఆయాసం వస్తే మజ్జిగ తాగి పడుకోవద్దు. 108కి ఫోన్ చేయండి, ఏం తిన్నారో చెప్పండి.

మోడరేటర్ | ఆగస్టు 5, సాయంత్రం 6:30

"నలభై రోజుల రసం" పోస్టును తీసేద్దామనుకున్నాను. నర్సమ్మగారి జవాబు దాని కిందే ఉండటం మంచిదని వదిలేశాను. ఆ సభ్యుడికి హెచ్చరిక పంపాం.

మేదరవీధి | ఆగస్టు 6, ఉదయం 6:55

అందరూ వంటల గురించే రాస్తున్నారు. మాది తట్టలు, చేటలు అల్లుకునే కుటుంబం. మాకు వెదురు అంటే కూడు. మీరు కొన్న ఒక్కో కొమ్ము ఒక్కో బొంగు కావలసింది, ఆ సంగతి ఎవరికైనా గుర్తుందా? వెదురు మిగతా చెట్లలాగ ఏటేటా లావెక్కదు. భూమిలోంచి ఎంత లావు మొలిస్తే జీవితాంతం అంతే లావు. రెండు మూడు నెలల్లో పూర్తి ఎత్తు ఎదుగుతుంది, తర్వాత రెండు మూడేళ్ళు గట్టిపడుతుంది, అంతే. అడుగు పొడవున కోసేశారంటే అక్కడ మళ్ళీ అది రాదు. సంతల్లో బస్తాలకి బస్తాలు చూస్తుంటే మాకు టెన్షన్‌గా ఉంటుంది. మంచి వెదురు కోసం ఇప్పటికే ఎక్కడెక్కడికో పోతున్నాం.

సీతంపేట_మాస్టారు | ఆగస్టు 6, ఉదయం 7:40

తమ్ముడూ, నీ బాధ న్యాయమైనదే. తెలిసిన వాళ్ళు అన్నీ కోయరు. పొదలో కొత్త కొమ్ములు ఎక్కువగా బయటి అంచున వస్తాయి, అవే పొదను పెంచేవి. లావుగా, బలంగా ఉన్న వాటిని వదలాలి. పొద మధ్యలో ఇరుక్కుని మొలిచేవి, ఒకదానిమీద ఒకటి పడి వంకర తిరిగేవి ఎలాగూ బొంగుగా పనికిరావు. వాన సీజన్ చివర్లో, భాద్రపదం దాటాక వచ్చే సన్న కొమ్ములు చాలావరకు వాటంతట అవే కుళ్ళి చచ్చిపోతాయి. కూరకి అవి కోసుకుంటే పొదకి నష్టం తక్కువ.

చిక్కు ఎక్కడంటే, బలంగా ఉన్న తొలకరి కొమ్ముకే సంతలో ధర. దళారీ బస్తా లెక్కన కొనేటప్పుడు ఈ తేడా చూడడు. మా పెద్దవాళ్ళు ఇంటికి కావలసినంతే కోసుకునేవారు. వ్యాపారం వచ్చాక ఆ లెక్క పోయింది.

మేదరవీధి | ఆగస్టు 6, ఉదయం 8:10

ఇది ఒప్పుకుంటాను మాస్టారూ. కొనేవాళ్ళకి ఒక్కటే మాట: మీ మణికట్టు కన్నా లావున్న కొమ్ము చూస్తే అది వద్దని, సన్నవి ఉంటే ఇమ్మని అడగండి. రుచిలో పెద్ద తేడా ఉండదు. అడిగేవాళ్ళు ఉంటే కోసేవాళ్ళు కూడా మారతారు.

కొత్తూరు_శ్రీను | ఆగస్టు 6, ఉదయం 9:25

మన కొండల్లో ఏ రకం ఉంది? ముళ్ళున్నది తినొచ్చా, లేనిదేనా? మా స్నేహితులం కొందరం ఆదివారం కొండకెళ్ళి కోసుకొద్దామనుకుంటున్నాం.

అటవీ_పాఠశాల | ఆగస్టు 6, మధ్యాహ్నం 12:50

రెండు రకాలు ఎక్కువ. ఒకటి సాధనపు వెదురు, లోపల దాదాపు గట్టిగా ఉండి కర్రలకు పనికొచ్చేది, పొడి కొండవాలుల్లో పెరుగుతుంది. రెండోది ముళ్ళ వెదురు, బోలుగా, పొడవుగా, గెడ్డల పక్కన గుబురుగా పెరిగేది. రెండింటి కొమ్ములూ తింటారు. ముళ్ళ వెదురు కొమ్ము లావు, చేదు కూడా కాస్త ఎక్కువ, పైగా ఆ పొదలో చెయ్యి పెట్టడం అలవాటు లేనివాళ్ళ పని కాదు.

ఆదివారం ప్రయాణం మానుకోండి శ్రీనూ. కారణాలు చెబుతాను.

ఒకటి, చట్టం. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. దాన్ని సేకరించుకుని అమ్ముకునే హక్కు అక్కడ నివసించే గిరిజనులకు, సంప్రదాయ అటవీ నివాసులకు ఉంది. టౌను నుంచి వెళ్ళిన మనకి లేదు. "2017లో వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు కదా" అని కొందరు వాదిస్తారు. ఆ సవరణ 1927 నాటి కేంద్ర చట్టానికి, అదీ అడవి బయట పెరిగే వెదురుకి. మన రాష్ట్రానికి 1967 నాటి సొంత అటవీ చట్టం ఉంది. కాబట్టి సొంత పొలంలో వెదురు వేసినవాళ్ళు కూడా బండి ఎక్కించే ముందు రేంజ్ ఆఫీసులో అడిగి వెళ్ళడం మంచిది.

రెండు, ఏనుగులు. కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి వైపు గుంపు తిరుగుతున్న సంగతి తెలిసిందే. వెదురు వాటికి ఇష్టమైన మేత. మీరు ఏ పొద కోసం వెళ్తారో అవీ దానికోసమే వస్తాయి. మూడు, వానాకాలం వెదురు పొద మొదట్లో పాములు. సంతలో కొనుక్కోండి, కోసినావిడకి నాలుగు డబ్బులు వస్తాయి.

బొబ్బిలి_రాంబాబు | ఆగస్టు 6, మధ్యాహ్నం 1:15

మా హాల్లో గాజు సీసాలో లక్కీ బాంబూ ఉంది. దాని కొమ్ములు కూడా పనికొస్తాయా? అడవికి వెళ్ళక్కర్లేదు, ఏనుగులూ రావు.

అటవీ_పాఠశాల | ఆగస్టు 6, మధ్యాహ్నం 1:22

రాంబాబుగారూ, అది వెదురే కాదు. డ్రాసీనా అనే వేరే మొక్క. దయచేసి తినకండి, సీసాలోనే ఉండనివ్వండి.

పాతపట్నం_లక్ష్మి | ఆగస్టు 6, సాయంత్రం 4:45

వెదురు బియ్యం గురించి ఎవరూ చెప్పలేదేమిటి? మా మామ్మ చిన్నప్పుడు వండుకున్నారని చెప్పేది. ఆన్‌లైన్‌లో కిలో వందల రూపాయలకి అమ్ముతున్నారు, నిజమైనదేనా?

అటవీ_పాఠశాల | ఆగస్టు 6, సాయంత్రం 6:20

వెదురు కూడా వరిలాగే గడ్డిజాతి, గింజ గోధుమ గింజలా ఉంటుంది. అన్నం వండుకోవచ్చు, పిండి పట్టించి రొట్టె చేసుకోవచ్చు. అయితే వెదురు ఏటా పూయదు. సాధనపు వెదురు, ముళ్ళ వెదురు ఎన్నో దశాబ్దాలకి ఒకసారి, రకాన్ని బట్టి, చోటుని బట్టి ఇరవై ఐదేళ్ళ నుంచి యాభై ఏళ్ళ దాకా పడుతుంది. పూసిన పొద గింజ రాల్చి ఎండిపోతుంది. ఒక్కోసారి కొండ మొత్తం ఒకేసారి పూస్తుంది, ఒక్కోసారి అక్కడొకటి ఇక్కడొకటి. అందుకే పాతకాలం వాళ్ళు వెదురు పూతను కరువుకి ముందు గుర్తుగా చూసేవారు. ఊరికే పుట్టిన భయం కాదది. గింజ విపరీతంగా రాలితే ఎలుకలు పెరుగుతాయి, గింజ అయిపోగానే అవి పొలాల మీద పడతాయి. మిజోరంలో 1958-59లో ఇలాగే కరువు వచ్చింది, మళ్ళీ 2006-08లో అదే రకం వెదురు పూసింది. అది మన దగ్గరి రకం కాదు, కథ మాత్రం ఒకటే.

ఇంత అరుదైనది ఏడాది పొడుగునా ఒకే దుకాణంలో కావలసినంత దొరుకుతోందంటే అనుమానించాల్సిందే. మామూలు బియ్యానికి ఆకుపచ్చ రంగు వేసి ఆ పేరుతో అమ్మేవాళ్ళున్నారు. నానబెడితే నీళ్ళు పచ్చగా దిగితే అది రంగే.

శైలజ_విజయనగరం | ఆగస్టు 6, రాత్రి 7:50

రెండు కుప్పల్లో ఒకటి ఉడికించి నీళ్ళలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను, నిలవ ఉంటుందా? దాంతో ఊరగాయ పెట్టొచ్చా? మామిడికాయ ఆవకాయలాగే అన్నమాట.

పద్మావతి_సాలూరు | ఆగస్టు 6, రాత్రి 8:30

ఫ్రిజ్‌లో నీళ్ళలో మునిగి ఉంటే నాలుగైదు రోజులు ఆగుతుంది, రోజూ నీళ్ళు మార్చు. జిగట పట్టినా, నీళ్ళు పాలలా మారినా పారేసెయ్.

ఆవకాయ పెట్టొచ్చు, అయితే మామిడికాయతో పోల్చుకోకు. మామిడికాయలో పులుపు దాని సొంతం, అదే దాన్ని కాపాడుతుంది. కొమ్ముకి పులుపు లేదు, నీళ్ళు మాత్రం ఎక్కువ. ఉడికిన ముక్కల్ని గుడ్డ మీద పరిచి, వేలితో నొక్కితే తడి తగలనంత వరకు ఎండబెట్టాలి. తర్వాత చిక్కటి చింతపండు గుజ్జు నూనెలో బాగా ఉడికించి, చల్లారాక ఆవపిండి, కారం, ఉప్పు, వెల్లుల్లితో కలుపు. పైన నిమ్మరసం కూడా పిండు. నూనె ముక్కల పైకి తేలాలి.

నర్సమ్మ_శ్రీకాకుళం | ఆగస్టు 6, రాత్రి 8:52

పద్మావతిగారు చెప్పిన పులుపు విషయంలో పీనాసితనం చేయకండి. పులుపు చాలని కూరగాయను నూనెలో ముంచి గాలి తగలకుండా మూత బిగిస్తే, పైకి ఏమీ కనబడకుండానే ప్రమాదకరమైన బాక్టీరియా పెరగొచ్చు. కొంచెంగా పెట్టుకుని, ఫ్రిజ్‌లో ఉంచుకుని, రెండు మూడు వారాల్లో తినేయండి. ఏడాది జాడీలకి ఇది కాదు.

మందస_మావయ్య | సెప్టెంబరు 11, సాయంత్రం 5:30

ఈ చర్చ పాతబడిందని తెలుసు, కానీ ఉపయోగపడుతుందని రాస్తున్నాను. నిలవ చేయాలంటే ఊరగాయ కన్నా ఒరుగులు మేలు. మా మహేంద్రగిరి కింద ఊళ్ళలో చేసేది ఇదే. రెండుసార్లు ఉడికించి నీళ్ళు వంచిన ముక్కల్ని పొడుగ్గా చీల్చి, కాస్త ఉప్పు, పసుపు రాసి ఎండబెడతాం. భాద్రపదంలో ఎండ నమ్మకంగా ఉండదు కాబట్టి పగలు చాప మీద, రాత్రి పొయ్యి పైన అటక మీద. వంచితే ఫట్‌మని విరగాలి, సాగితే ఇంకా తడి ఉన్నట్టే. డబ్బాలో పోసి మూత పెట్టుకుంటే సంక్రాంతి దాటేదాకా ఉంటాయి. వండేముందు వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, పిండి, ఆ నీళ్ళు పారబోసి, కందిపప్పులోనో ఎండు చేపల పులుసులోనో వేసుకోవాలి.

కొత్తూరు_శ్రీను | సెప్టెంబరు 11, సాయంత్రం 5:48

మావయ్యా, ఎండబెట్టినవి సంతలో దొరుకుతాయా? హాస్టల్‌కి తెచ్చుకోవడానికి ఇవైతే కుదురుతుంది.

మందస_మావయ్య | సెప్టెంబరు 11, సాయంత్రం 6:15

కార్తీకంలో కొండ దిగివచ్చే వాళ్ళ దగ్గర అడుగు. బయట పెట్టి అమ్మరు, గోనెసంచి అడుగున ఉంటాయి. కొనేటప్పుడు ఒకటి విరిచి వాసన చూడు. పొగ వాసన ఉంటే మంచిదే, ముక్కిన వాసన ఉంటే వదిలెయ్. నానబెట్టాక చేదు తగిలితే మొదటిసారి సరిగా ఉడికించలేదని అర్థం, ఇంకోసారి మూత తీసి మరిగించి నీళ్ళు వంచెయ్.